గోడ మీద వసంతం

చిరంజీవులైన పిల్లలకు మామ్మ ఆశీస్సులు.

ఉగాదికి ముందు మీ బడి నుంచి వృద్ధాశ్రమానికి వెళ్తున్నారనీ, అక్కడి హాలు గోడకు అతికించడానికి కాగితం పూలు ఇప్పటినుంచే తయారుచేస్తున్నారనీ మీ ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించాను. అయితే పూలన్నీ మీరే చేసుకుని వెళ్లకండి. కాగితాలూ జిగురూ పట్టుకెళ్లి, అక్కడి పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చేతనే చేయించండి. ఎందుకలా అంటున్నానో మీకు అర్థం కావాలంటే, ఈ పనిని ఎంతో శ్రద్ధగా చేసే జపాన్ వాళ్ల పద్ధతి కొంత చెప్పాలి.

జపాన్ జనాభా 12 కోట్ల పైచిలుకు. అందులో నూటికి 29 మంది 65 ఏళ్లు దాటినవాళ్లే. వృద్ధుల సంరక్షణ కోసం అక్కడ 2000 ఏప్రిల్ నుంచి ప్రత్యేకమైన బీమా అమల్లో ఉంది; 40 ఏళ్లు నిండినప్పటి నుంచి అందరూ దానికి ప్రీమియం కడతారు. ఆ బీమా కింద నడిచేవాటిలో ‘డే సర్వీస్’ అనే పగటి సంరక్షణ కేంద్రాలు ఊరూరా ఉన్నాయి. ఉదయం వ్యాను ఇంటికే వచ్చి పెద్దవాళ్లను తీసుకెళ్తుంది. స్నానం, భోజనం, వ్యాయామం, కాలక్షేపం అన్నీ అయ్యాక సాయంత్రం ఇంటి దగ్గర దింపుతుంది. ఇలాంటి కేంద్రాల్లో గోడను ఋతువులకు తగినట్టు కాగితంతో అలంకరించడం పరిపాటి. మార్చి 3న వచ్చే బొమ్మల పండుగకు రాజు, రాణి బొమ్మలు వస్తాయి. ఆ తరువాత సకురా అని వాళ్లు పిలుచుకునే చెర్రీ పూలు, వాటి కింద ఆవపూలలాంటి పసుపుపచ్చని పూల వరుస, పైన వానకోయిలల్లాంటి పిట్టలు; మే 5న జరిగే పిల్లల పండుగ నాటికి వాటి స్థానంలో గాలికి ఎగిరే రంగురంగుల చేప ఆకారపు జెండాలు.

ఇంట్లోంచి బయటికి కదలలేని మనిషికి, అందులోనూ జ్ఞాపకశక్తి సన్నగిల్లిన మనిషికి, ఇది ఏ నెలో తెలియకుండా పోవడం చాలా సహజం. గోడ నిండా సకురా ఉంటే అది వసంతమని ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ బడులు తెరిచేది ఏప్రిల్‌లోనే కాబట్టి, ఆ పువ్వును చూడగానే తాము మొదటిసారి బడికి వెళ్లిన రోజు, పిల్లల్ని బడిలో చేర్చిన రోజు ఎన్నో మాటలుగా బయటికి వస్తాయి. పువ్వు చేస్తున్నంతసేపూ ఈ మాటలు సాగడమే ఆ పనిలోని అసలు లాభమని నా అభిప్రాయం. చేసి తెచ్చిన పువ్వును గోడకు అతికించి వచ్చేస్తే ఆ మాటలకు చోటెక్కడ?

సకురా పువ్వు కత్తిరించే తీరు చూడండి. చదరంగా ఉన్న కాగితాన్ని సగానికి మడుస్తారు. ఆ మడత అంచుకు సరిగ్గా మధ్యన ఉన్న బిందువు దగ్గర నుంచి కాగితాన్ని ఐదు సమాన భాగాలుగా ఇటూ అటూ మడుస్తారు. చివరికి సన్నని ముక్కోణం మిగులుతుంది. దాని పై భాగాన్ని వంపుగా ఒక్క కోత కోసి విప్పితే ఐదు రేకులు ఒకేసారి విచ్చుకుంటాయి. రేకు చివర చిన్న నొక్కు పెట్టడం మాత్రం మరువకూడదు, ఎందుకంటే ఆ నొక్కు ఉంటేనే అది సకురా; రేకులు గుండ్రంగా ఉంటే వాళ్ల కంటికి అది ‘ఉమె’ అనే మరో చెట్టు పువ్వు. వేళ్లు బాగా పనిచేసేవాళ్లు మడతలన్నీ తామే వేస్తారు. కీళ్లవాతంతో కత్తెర పట్టలేనివాళ్లకు కోసిన పువ్వును విప్పే పని, రేకుల్ని వేలితో పైకి వంచే పని ఇస్తారు. పక్షవాతం వల్ల ఒక్క చెయ్యే ఆడేవాళ్ల ముందు కాగితం కదలకుండా ఏదైనా బరువు పెడతారు. ఎవరికీ పని లేకుండా పోదు.

చెట్టు మానూ కొమ్మలూ చేయడం నాకు ఇంకా బాగా నచ్చుతుంది. దాన్ని ‘చిగిరిఎ’ అంటారు. కాగితాన్ని చింపి, ఆ ముక్కలతో బొమ్మ కట్టడం. దీనికి వాళ్ల చేతి కాగితం ‘వాషి’ చక్కగా కుదురుతుంది. కోజో అనే మొక్క బెరడులోని పొడవాటి నారతో చేస్తారు కాబట్టి, చింపిన చోట అంచు వెంట సన్నని నూగు లేస్తుంది. అది చెట్టు బెరడుకూ, పిట్ట ఈకకూ అచ్చంగా సరిపోతుంది. ఈ వాషి తయారీ నైపుణ్యాన్ని 2014లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చింపడం చిన్నపిల్లల పని అని మీకు అనిపించవచ్చు. కానీ 1922లో పుట్టి 1971లో మరణించిన యమషితా కియోషి అనే చిత్రకారుడు, మానసిక వికాసం తక్కువైన పిల్లల ఆశ్రమంలో ఈ విద్య నేర్చుకుని, నాగావోకా ఊరి బాణసంచాను కాగితం ముక్కలతో ఆకాశం నిండా కట్టి దేశమంతటా పేరు పొందాడు. కనుక ఈ పనిని పెద్దవాళ్ల ముందు పెట్టేటప్పుడు చిన్నపిల్లలతో మాట్లాడినట్టు ముద్దుమాటలు మాట్లాడకండి. వాళ్లు పొలాలు దున్నినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, బడుల్లో పాఠాలు చెప్పినవాళ్లు. కార్టూను బొమ్మల కళ్లు పెట్టిన సూర్యుణ్ణి వాళ్ల గోడకు అతికిస్తే చిన్నతనంగా ఉంటుంది.

ఇక మన సంగతికి వద్దాం. టోక్యోలో సకురా పూసేదీ మనకు ఉగాది వచ్చేదీ ఇంచుమించు ఒకే రోజుల్లో. అయినా మన వృద్ధాశ్రమం గోడకు సకురా వద్దు. అక్కడి అమ్మమ్మలు, తాతయ్యలు ఎన్నడూ చూడని పువ్వు వాళ్లకు ఏ జ్ఞాపకాన్నీ తేలేదు. వాళ్లెరిగిన వసంతం మోదుగ పువ్వు, వేప పూత, మామిడి చిగురు. మోదుగ రేకును నారింజ రంగు కాగితంతో చిలుక ముక్కులా వంపుగా కోయాలి, కొమ్మకు ఆకులు పెట్టకూడదు, ఎందుకంటే మోదుగ పూసేనాటికి ఆకు చాలావరకు రాలిపోయి ఉంటుంది. వేప పూతకు తెల్ల కాగితాన్ని పంచింగ్ మిషనుతో పొడిచి, రాలిన చిన్న చుక్కల్ని ఆకుపచ్చ రెమ్మ పక్కన గుత్తులుగా అద్దండి. మామిడి చిగురుకు మాత్రం రాగి రంగు కాగితమే తీసుకెళ్లండి. లేత చిగురును పచ్చగా అతికిస్తే పల్లెల్లో పెరిగినవాళ్లు ఒప్పుకోరు. వాళ్లు తప్పు దిద్దితే వినండి, ఇంకా ఏమేం తప్పులున్నాయో కూడా అడగండి.

వాషి మనకు దొరకకపోయినా దిగులు లేదు. ఒకవైపే రంగున్న గ్లేజు కాగితాన్ని చింపితే అంచున తెల్లని గీత మిగులుతుంది. గోధుమరంగు కాగితాన్ని అలా చింపి ఒకదాని మీద ఒకటి అతికిస్తే మామిడి మాను పగుళ్లు ఎంతో సహజంగా వస్తాయి. ఏ కాగితమైనా ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. ముందుగా ఒక మూల చింపి చూసి, తిన్నగా చిరిగే దిశ ఏదో పెద్దవాళ్లకు చూపించండి. వేళ్లలో బలం లేనివాళ్లకు అది ఎంతో సాయం.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వయసు మీదపడిన కొద్దీ కంటి కటకం పసుపుబారుతుంది కాబట్టి తెల్ల గోడ మీద లేత పసుపు వాళ్లకు సరిగా ఆనదు, ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలియదు. అందుచేత గోడకు ముందుగా ముదురు ఆకుపచ్చ చార్టు కాగితం వేసి, దాని మీద వేప పూత తెలుపూ మోదుగ నారింజా పెట్టండి. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ల చూపు అందే ఎత్తులోనే బొమ్మ ఉండాలి. మీరు నిలబడి చూసి బాగుందనుకుంటే చాలదు, కుర్చీలో కూర్చుని చూడండి.

గుండుసూదులు, డ్రాయింగ్ పిన్నులు తీసుకెళ్లవద్దు. అవి కింద పడితే కాళ్లకు గుచ్చుకుంటాయి, అన్నంలోనూ పడవచ్చు. జిగురుకు ఇంట్లో మైదా ఉడికించి చల్లార్చి తీసుకెళ్లండి, మతిమరుపు ఉన్నవాళ్లు పొరపాటున నోట్లో పెట్టుకున్నా పెద్ద ప్రమాదం ఉండదు. కత్తెరలను లెక్కపెట్టి ఇచ్చి, లేచేముందు మళ్లీ లెక్కపెట్టుకోండి. ఒక పూట నలభై నిమిషాలు దాటనివ్వకండి. సగంలో ఆగిన కొమ్మ మర్నాటికి ఉండనివ్వవచ్చు. చేయడం ఇష్టం లేదని ఎవరైనా అంటే బలవంతపెట్టకుండా, రంగులు ఎంపిక చేసే పని అడిగి చూడండి, అదీ వద్దంటే ఊరికే పక్కన కూర్చోండి.

బొమ్మ పూర్తయ్యాక ఎవరి పువ్వు కింద వాళ్ల పేరు రాయవచ్చునా అని వాళ్లనే అడగండి, ఒప్పుకుంటే పెద్ద అక్షరాలతో రాయండి. వైశాఖం వచ్చేసరికి ఎండకు రంగులు వెలుస్తాయి గనుక అప్పుడు వాటిని తీసి, చేసినవాళ్ల చేతికే ఇచ్చి, ఆ చోట మల్లెపూలు మొదలుపెట్టండి. తెల్ల టిష్యూ కాగితం ఇక్కడినుంచి నేను పంపిస్తాను, ఎన్ని షీట్లు కావాలో వచ్చే ఉత్తరంలో రాయండి.

ఇట్లు,
మీ మామ్మ