‘సిస్టర్ ఏమనుకుంటారో’ అని ఊరుకోకండి: పిల్లల వార్డు అపోహలు - వాస్తవాలు

"మేం ఇక్కడుంటే మీకు అడ్డమా సిస్టర్?"

పిల్లల వార్డులో పదిహేడేళ్లుగా నర్సుగా పని చేస్తున్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేవాళ్లు సొంత బిడ్డ మంచానికి నాలుగడుగుల దూరంలో, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. ముట్టుకోవచ్చో లేదో తెలియదు. అడిగితే ఏమంటామోనని భయం. పక్క మంచం వాళ్లు ఒకటి చెబుతారు, ఫోన్‌కి ఇంకొకటి వస్తుంది. ఆ మాటలు పట్టుకుని వాళ్లు పడే టెన్షన్ చూస్తే జాలేస్తుంది. ఆ మాటలు పుట్టించేవాళ్లను తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: ఆస్పత్రిలో చేర్చాక అంతా వాళ్లే చూసుకుంటారు. మాటిమాటికీ చెబితే విసుక్కుంటారు.

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

మానిటర్‌కి మీ పిల్లాడి గుండె వేగం తెలుసు, ఆక్సిజన్ శాతం తెలుసు. వాడు మామూలుగా ఎలా ఉంటాడో దానికి తెలియదు. నాకూ తెలియదు, నేను చూస్తున్నది జబ్బు పడ్డ పిల్లాణ్నే కదా. ఎలా నవ్వుతాడు, ఎలా మారాం చేస్తాడు, సూది చూస్తే ఎంత గోల చేస్తాడు అన్న లెక్క మొత్తం మీ దగ్గరే ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జరిగింది. అప్పుడు వేరే ఆస్పత్రిలో ఉండేదాన్ని. వాంతులు, విరేచనాలతో రెండేళ్ల బాబు అడ్మిట్ అయ్యాడు. నాకు నైట్ డ్యూటీ. పదకొండు గంటలప్పుడు మందు ఇవ్వడానికి వెళ్తే వాళ్లమ్మ మెల్లగా అంది, "వీడు ఏడవట్లేదు సిస్టర్." నేను బీపీ చూశాను, బాగానే ఉంది. గుండె వేగం ఎక్కువగా ఉంటే జ్వరం వల్ల అనుకున్నాను. "పడుకోనివ్వండమ్మా, అలిసిపోయాడు" అని వచ్చేశాను. ఆవిడ మళ్లీ నోరెత్తలేదు.

ఒంటిగంటకు వెళ్లి పాదం పట్టుకుంటే చల్లగా ఉంది. ఛాతీ మధ్య ఎముక మీద వేలితో ఐదు సెకన్లు నొక్కి వదిలాను. నొక్కినచోట చర్మం తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాను. ఆ తెల్ల మచ్చ అలాగే ఉంది.

పిల్లల్లో ఉన్న చిక్కే అది. ఒంట్లో నీరు తగ్గిపోతుంటే గుండె వేగం పెరుగుతుంది, కాళ్లకూ చేతులకూ రక్తం తగ్గుతుంది, అలా వాళ్ల శరీరం బీపీని చివరిదాకా నెట్టుకొస్తుంది. బీపీ పడిపోయేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. దానికంటే ముందే మారేది పిల్లాడి తీరు. ఊరికే పడి ఉంటాడు, ఏడవాల్సినచోట ఏడవడు, అమ్మ మొహం చూసినా చూడనట్టుంటాడు. వాళ్లమ్మ నాకు చెప్పింది అదే, రెండు గంటల ముందే.

బాబుకు వెంటనే సెలైన్ ఎక్కించారు, ఐసీయూకి మార్చారు, కోలుకున్నాడు. డిశ్చార్జ్ రోజున ఆవిడ అంది: "రెండోసారి చెబితే విసుక్కుంటారని ఊరుకున్నాను సిస్టర్." ఆ రాత్రి నేను నిజంగానే విసుక్కునేదాన్నేమో. తప్పు నాదే, ఆవిడది కాదు. కానీ ఆ మొహమాటానికి ఆ బిడ్డ ఎంత మూల్యం చెల్లించేవాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు వస్తుంది.

నా మాట ఒక్కటే కాదు. కుటుంబానికి ఆందోళనగా ఉండి, చూసుకుంటున్నవాళ్లు పట్టించుకోకపోతే నేరుగా మరో వైద్య బృందాన్ని పిలిపించుకునే వీలు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2013 నుంచి ఉంది. దాని పేరు ర్యాన్స్ రూల్. ఇంగ్లండ్‌లో మార్తాస్ రూల్ పేరుతో 2024లో మొదలుపెట్టారు. తల్లిదండ్రుల మాట పట్టించుకోకపోవడం వల్ల పోయిన పిల్లల పేర్లే ఆ రెండూ.

ఎలా చెబితే పని జరుగుతుంది? "అదోలా ఉన్నాడు" అని ఆపేయకండి. మామూలుగా ఎలా ఉంటాడో, ఇప్పుడు ఎలా ఉన్నాడో, ఎప్పట్నుంచో చెప్పండి. "మామూలుగా మూడు గంటలకోసారి డైపర్ తడుపుతుంది, పొద్దున ఏడు నుంచి పొడిగానే ఉంది." "నిన్న ఈ చేతికి సూది వేస్తుంటే తన్నింది, ఇవాళ చెయ్యి వెనక్కి కూడా లాక్కోలేదు." ఇలా చెబితే ఏ నర్సయినా వదిలేసి పోలేదు. పోయిందే అనుకోండి, మళ్లీ చెప్పండి. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పండి, డ్యూటీ డాక్టర్‌ని పిలవమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టిన చెయ్యి ఉబ్బినా, గట్టిపడినా, ముట్టుకుంటే పిల్ల ఉలిక్కిపడినా వెంటనే పిలవండి. సెలైన్ నరంలోకి కాకుండా బయటకు పోతుండొచ్చు. చాలాసార్లు దాన్ని మొదట కనిపెట్టేది అమ్మలే. సెలైన్ స్పీడు మాత్రం మీరు మార్చకండి, ఎంత మెల్లగా పడుతున్నట్టు అనిపించినా. పిల్లల బరువును బట్టి లెక్కగట్టి పెడతాం దాన్ని.

అపోహ: ఇంట్లో ఇచ్చిన మందులు చెబితే తిడతారు.

తిట్టేవాళ్లు ఉన్నారు, ఒప్పుకుంటాను. అయినా చెప్పండి. ముఖ్యంగా పారాసిటమాల్. చాలాచోట్ల చుక్కల మందు సిరప్ కంటే చాలా ఘాటుగా ఉంటుంది, రెండూ ఒకే కొలతలో పోసేస్తుంటారు. మీరు గంట క్రితం పోసింది నాకు తెలియకపోతే నేను ఇంకో డోసు ఇస్తాను. కాబట్టి సీసానే తెచ్చి చూపించండి, ఏ మూతతో కొలిచారో ఆ మూతతో సహా. నాటువైద్యం ఏమైనా చేసి ఉంటే అదీ చెప్పండి.

అపోహ: అమ్మ ఉంటే పిల్లలు ఎక్కువ ఏడుస్తారు.

ఒకప్పుడు ఆస్పత్రులే ఈ మాట నమ్మాయి. వారానికి ఒకటి రెండు సార్లు మించి తల్లిదండ్రుల్ని రానివ్వని వార్డులు ఉండేవి. అమ్మ వెళ్లాక పిల్లలు నిశ్శబ్దంగా ఉంటే ‘సర్దుకున్నారు’ అనుకునేవారు. 1950ల్లో బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే మానసిక విశ్లేషకుడు దగ్గరుండి గమనించి, అది సర్దుకోవడం కాదని చెప్పాడు. ముందు ఏడుపు, తర్వాత నిరాశ, ఆ తర్వాత అమ్మ వచ్చినా పట్టనట్టు ఉండిపోవడం. 1959లో, ఆస్పత్రుల్లో పిల్లల బాగోగులపై వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని అక్కడి ప్రభుత్వానికి సిఫార్సు చేసింది. మిమ్మల్ని చూశాక పిల్ల ఏడ్చిందంటే ఏడవడానికి మనిషి దొరికిందని అర్థం. ఏడవనివ్వండి.

అపోహ: సూది వేసేటప్పుడు బయటికి వెళ్లిపోవాలి.

అక్కర్లేదు. ఒళ్లో మీకేసి తిప్పి కూర్చోబెట్టుకుని, గట్టిగా హత్తుకుని, ఒక చెయ్యి నాకివ్వండి. పడుకోబెట్టి నలుగురం అదిమి పట్టుకోవడం కంటే ఇదే నయం, పిల్లకీ నాకూ. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు బయటే ఉండండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక్కటి మాత్రం వద్దు, "అస్సలు నొప్పి ఉండదు" అనకండి. ఉంటుంది. ఆ తర్వాత మీరు చెప్పేది ఏదీ వాళ్లు నమ్మరు.

అపోహ: బరువు తక్కువ పసికందుని ముట్టుకుంటే ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

కడుక్కోని చేతుల వల్ల వస్తుంది. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు కడగాలి, జలుబో దగ్గో ఉంటే ముందు మాకు చెప్పాలి. అంతే. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 2021లో వచ్చింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువున్న పిల్లల్ని, నిలకడ పడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే అమ్మ ఛాతీకి ఆనించి ఉంచితే, మొదటి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. కంగారూ పద్ధతి అంటామే, అదే. నాన్నలూ చేయొచ్చు. చొక్కా గుండీలు విప్పమంటే సిగ్గుతో వార్డు దాటి పారిపోయిన నాన్నొకాయన, మర్నాడు పొద్దున్నే వచ్చి మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు.

అపోహ: మంచి తల్లి బిడ్డ పక్కనుంచి కదలదు.

రెండు రోజులు నిద్ర లేని మనిషికి డాక్టర్ చెప్పింది సగం కూడా బుర్రకెక్కదు. వంతులు వేసుకోండి. తినండి, ఇంటికెళ్లి స్నానం చేసి రండి. వెళ్లే ముందు నాకు నాలుగు ముక్కలు చెప్పి వెళ్లండి, పాప దేనికి భయపడుతుంది, ఎలా నిద్రపోతుంది, దేన్ని ఏమంటుంది అని. ఒకసారి మూడేళ్ల పిల్ల రెండు గంటలు "మియ్యా, మియ్యా" అని ఏడ్చింది. మంచినీళ్లు ఇచ్చాం, పిల్లి వీడియోలు పెట్టాం, డ్యూటీ డాక్టర్ పిల్లిలా అరిచి కూడా చూపించాడు. ఊహూఁ. వాళ్ల నాన్న తిరిగొచ్చి, సంచిలోంచి అంచు చిరిగిన పసుపు దుప్పటి తీసి మీద కప్పాడు. ఐదు నిమిషాల్లో పడుకుంది.