అద్దం తలుపుకి పనస పిడి

మే నెల మధ్యాహ్నం, పడమటి ఎండ నేరుగా కొట్టే అద్దం తలుపు. దాని స్టీలు హ్యాండిల్‌ని ఎప్పుడైనా పట్టుకున్నారా? విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా బావ బట్టల కొట్టుకి వచ్చేవాళ్లు చాలామంది పట్టుకున్నారు. పట్టుకుని ఉలిక్కిపడి వదిలేశారు. చీర కొంగుతోనో జేబురుమాలుతోనో తలుపు తీసేవాళ్లని చూసీ చూసీ, కర్ర పిడులు పెట్టిద్దామన్నాడు బావ. ఉద్దానంలో మా అమ్మమ్మగారి పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన పనస దూలం ఒకటి పెరట్లో పడి ఉంది. ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది.

ఎండలో కర్రేమీ చల్లగా ఉండదు. స్టీలుతో పాటే అదీ వేడెక్కుతుంది. తేడా అంతా ఆ వేడి చేతికి ఎంత తొందరగా చేరుతుందన్న దాంట్లోనే. వేడిని మోసుకుపోవడంలో స్టెయిన్‌లెస్ స్టీలు కర్ర కంటే దాదాపు 100 రెట్లు చురుకు. కర్ర మన వేలి కింద ఉన్న పిసరంత వేడి ఇచ్చేసి ఊరుకుంటుంది. స్టీలు అలా ఊరుకోదు, లోపలి నుంచి తెచ్చి తెచ్చి ఇస్తూనే ఉంటుంది. పెనానికి కర్ర పిడి వేసినవాళ్లకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు.

మేస్త్రి దూలాన్ని చేవ ఉన్న మేర కోసి, చిత్రిక పట్టి, 40 మిల్లీమీటర్ల మందంతో రెండు పిడులు తీశాడు. లోపలికొకటి, బయటికొకటి. అద్దంలో ఉన్న రెండు బెజ్జాల మధ్య దూరం టేపుతో కొలిచి 300 మిల్లీమీటర్లన్నాడు. తీరా బిగించబోతే ఒక మిల్లీమీటరున్నర తేడా వచ్చింది. బావకి టెన్షన్. ‘అద్దం బెజ్జాన్నే కాస్త పెద్దది చేస్తే పోలా?’ అన్నాడు. మేస్త్రి చేతిలో ఉన్న డ్రిల్లు కింద పెట్టేశాడు.

‘అద్దం జోలికి నాను రాను బావూ. కర్రయితే ఎంత సెక్కమంటే అంత సెక్కుతాను.’

ఆ మాటతో యాభై ఎనిమిది కిలోల తలుపు బతికింది. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దం అంత బరువు తూగుతుంది.

కొట్ల తలుపులకి వాడేది టఫెన్డ్ గ్లాస్. మామూలు అద్దాన్ని కొలతకి కోసి, బెజ్జాలు వేసి, ఆ తర్వాతే కొలిమిలో 620 డిగ్రీల సెల్సియస్ దాటే దాకా కాలుస్తారు. బయటికి రాగానే రెండు వైపుల నుంచీ గాలి బలంగా కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందే గట్టిపడిపోతుంది. లోపలి భాగం నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది, కానీ గట్టిపడిన పైపొర కదలనివ్వదు. ఆ పెనుగులాట అద్దంలో అలాగే ఉండిపోతుంది. పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది, నడుమ భాగం ఎప్పుడూ లాగుడులో ఉంటుంది. అద్దం పగలాలంటే పైన గీత పడి అది విచ్చుకోవాలి. నొక్కి పట్టిన పొర ఆ గీతని విచ్చుకోనివ్వదు. ఈ అద్దం మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు బలంగా ఉండేది అందుకే.

కానీ ఆ నొక్కుడు పొర అద్దం మందంలో ఒక్కో వైపు ఐదో వంతే. మన తలుపులో రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. డ్రిల్లు దాన్ని దాటి లాగుడులో ఉన్న భాగాన్ని తాకిందంటే తలుపు మొత్తం ఒక్కసారిగా పలుకులు పలుకులై రాలిపోతుంది.

ఈ వింతని 1660ల్లోనే లండన్‌లో చూశారు. కరిగిన గాజు బొట్టుని నీళ్లలో పడేస్తే తోక ఉన్న కన్నీటి చుక్కలా గడ్డకడుతుంది. దాని తల మీద సుత్తితో కొట్టినా పగలదు, తోక కాస్త విరిస్తే చాలు మొత్తం పొడి అయిపోతుంది. వాటిని ఇంగ్లండుకి తెచ్చిన రాకుమారుడి పేరు మీద ప్రిన్స్ రూపర్ట్ చుక్కలన్నారు. లోపల పగులు ఎంత వేగంగా పరుగెత్తుతుందో 1994లో చంద్రశేఖర్, చౌధ్రి అనే శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాతో కొలిచారు. సెకనుకి 1,450 నుంచి 1,900 మీటర్లు. ఆ వేగంతో విజయనగరంలో బయల్దేరితే నిమిషం తిరక్కుండా శ్రీకాకుళంలో ఉంటాం.

మేస్త్రి చేసిందల్లా పిడిలో ఒక బెజ్జాన్ని నిలువుగా కాస్త సాగదీయడం. బోల్టు 8 మిల్లీమీటర్లు, అద్దం బెజ్జం 12. ఆ సందులో తెల్లటి నైలాన్ బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, దూర్చాడు, అద్దానికీ కర్రకీ మధ్య రబ్బరు వాషర్లు పెట్టాడు. రూపాయి విలువ చేయని ముక్కల్లా కనిపిస్తాయి గానీ, నన్నడిగితే తలుపు మొత్తంలో ముఖ్యమైనవి అవే. ఇనుము అద్దాన్ని నేరుగా తాకితే బలమంతా గుండుసూది మొనంత చోట పడుతుంది. మెత్తటిది అడ్డుంటే అదే బలం చుట్టూ పరుచుకుంటుంది.

అంతా బాగానే ఉందనుకున్నాం. నెల తిరక్కుండా లోపలి పిడి లొటలొటలాడింది. బయటి పిడి మాత్రం కదల్లేదు. ఎండావానా తినేది బయటిది, చల్లగా ఏసీలో కూర్చున్నది లోపలిది. వదులైంది ఏసీలోది!

పార కామ వదులైతే మన రైతులు ఏం చేస్తారు? నీళ్లలో నానేస్తారు. కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది. ఇక్కడ దానికి తిరగబడింది. ఈ తీరప్రాంతపు గాలిలో ఏళ్ల తరబడి ఉన్న దూలంలో దాని బరువులో సుమారు 15 శాతం తేమ ఉంటుంది. ఏసీ గాలి పొడిగాలి. అందులో కర్ర మెల్లగా 10 శాతం దాకా ఆరుతుంది. ఒక్కో శాతం తేమకి గట్టి కర్ర అడ్డంగా దాదాపు 0.2 శాతం కుంచించుకుపోతుంది. 40 మిల్లీమీటర్ల మందంలో అది 0.4 మిల్లీమీటరు. మా బోల్టు లోపలి పిడి మందమంతా దూసుకొచ్చి, అద్దం దాటి, బయటి పిడిలో దిగ్గొట్టిన ఇత్తడి మరలో కూర్చుంటుంది. ఆ సైజు బోల్టు ఒక చుట్టు తిరిగితే ముందుకెళ్లేది 1.25 మిల్లీమీటర్లు. అంటే ఎవరూ స్పానర్ పెట్టకుండానే బోల్టుని మూడో వంతు చుట్టు విప్పినట్టే.

మళ్లీ గట్టిగా బిగిస్తే సరిపోదా? సరిపోదు. బిగించి ఉంచిన కర్ర వానాకాలంలో ఉబ్బబోతే చోటుండదు, లోపలి కణాలు నలిగిపోతాయి. ఆరాక ఇంకా వదులవుతుంది. నీళ్లలో నానేసిన పార కామ మర్నాటికి మునుపటి కంటే ఎక్కువ ఊగేది ఇందుకే.

మేస్త్రి బోల్టు తల కూర్చునే బెజ్జాన్ని లోతుగా తొలిచి, తలని అద్దానికి 10 మిల్లీమీటర్ల దూరం దాకా దించాడు. ఇప్పుడు బోల్టు నొక్కి పట్టే కర్ర పది మిల్లీమీటర్లే. అది కుంచించుకుపోయేది మిల్లీమీటరులో పదో వంతు, ఆ మాత్రం రబ్బరు వాషర్ సర్దుకుంటుంది.

నిలువు దారిలో మాత్రం మా అదృష్టం బాగుంది. అదృష్టమంటే మేస్త్రి ఒప్పుకోడనుకోండి. కర్ర నార పొడవునా దాదాపు కుంచించుకుపోదు. దూలాన్ని నిలువుగా కోశాడు కాబట్టి రెండు బోల్టుల మధ్య దూరం చెక్కుచెదరలేదు. అదే ముక్కని అడ్డంగా కోసి ఉంటే ఆ 300 మిల్లీమీటర్లలో 3 మిల్లీమీటర్లు తగ్గేది. ఏ నైలాన్ బుష్షూ దాన్ని ఆపలేదు, బోల్టులు నేరుగా అద్దం బెజ్జాల అంచుల మీద పడేవి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేదీ పనసకర్రతోనే. కొత్తగా కోసిన పనస పసుపు పచ్చగా ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ముదిరి గోధుమ రంగుకి వస్తుంది. తొలిచిన బెజ్జాల్ని మేస్త్రి అదే దూలం లోపలి ముక్కతో పూడ్చాడు. ముదురు పిడి మీద రెండు పసుపు పచ్చటి బొట్లు మిగిలాయి. రంగు వేయించనా అని బావ అడిగాడు, వద్దన్నాను. ఇప్పటికే కాస్త మాగాయి.