‘బీయింగ్ 17’ కుర్రాళ్ల వెనక ఉన్న చట్టం

క్లాసులో డమియాన్ నడిచి వెళ్తుంటే తొమా కాలు అడ్డం పెట్టి పడేస్తాడు. ఫ్రాన్స్‌లోని పిరనీస్ కొండల్లో ఒక చిన్న ఊళ్లో అలా మొదలైన కొట్లాట ఆ ఇద్దరు అబ్బాయిలకీ తొలిప్రేమగా మారుతుంది. ఫ్రెంచ్ దర్శకుడు ఆంద్రే తెషినే తీసిన ‘బీయింగ్ 17’ కథ ఇది. 2016 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో దీన్ని మొదటిసారి చూపించేనాటికి తెషినేకి 72 ఏళ్లు. ఆయనతో కలిసి స్క్రిప్ట్ రాసిన సెలీన్ సియామా అప్పటికే చిన్నపిల్లల మీద, టీనేజర్ల మీద మూడు మంచి సినిమాలు తీసింది.

ఈ సినిమాలో పోలీసు లేడు, కోర్టు లేదు, కొడుకుని ఇంట్లోంచి గెంటేసే తండ్రి లేడు. ఇప్పుడిది మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ ఫ్రాన్స్ ఇక్కడిదాకా రావడానికి చాలాకాలం పట్టింది.

1942 ఆగస్టులో, దేశం నాజీల గుప్పిట్లో ఉండగా, వాళ్లతో చేతులు కలిపిన ఫ్రెంచ్ ప్రభుత్వం (విషీ ప్రభుత్వం అంటారు) ఒక చట్టం తెచ్చింది. 21 ఏళ్లు నిండనివారితో స్వలింగ సంబంధం నేరమంది. అబ్బాయి, అమ్మాయి మధ్య అయితే ఆ హద్దు 13 ఏళ్లే, 1945లో దాన్ని 15కి పెంచారు. యుద్ధం ముగిసింది, విషీ ప్రభుత్వం పోయింది, చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. పైగా 1960లో పార్లమెంటు స్వలింగ ప్రేమను తాగుడు వ్యసనంతో పాటు ‘సామాజిక పీడ’ల జాబితాలోకి ఎక్కించింది. 1974లో మేజారిటీ వయసు తగ్గడంతో ఆ 21 కాస్తా 18 అయింది. చివరికి 1982 ఆగస్టులో, న్యాయమంత్రి రొబేర్ బదాంతేర్, ఎంపీ గిసెల్ అలిమి చొరవతో ఆ తేడాని పూర్తిగా ఎత్తేశారు. స్వలింగ వివాహానికి 2013లో అనుమతి వచ్చింది, అదీ వీధుల్లో పెద్దపెద్ద నిరసనల మధ్య.

తెషినే 1994లో తీసిన ‘వైల్డ్ రీడ్స్’ కథ సరిగ్గా ఆ చట్టం నీడలోనే, 1962లో నడుస్తుంది. తనకు అబ్బాయిలంటే ఇష్టమని తెలుసుకున్న ఫ్రాన్సువా, ఊళ్లో అలాంటివాడని పేరున్న చెప్పుల కొట్టు యజమాని దగ్గరికి వెళ్లి, నేనేం చెయ్యాలని అడుగుతాడు. ఆ పెద్దాయన దగ్గర జవాబు ఉండదు. ఆ మౌనంలో నాకు ఇరవై ఏళ్ల చట్టం వినిపిస్తుంది. ఒక మైనరుతో ఆ మాట మాట్లాడాలన్నా భయపడాల్సిన కాలం అది.

‘బీయింగ్ 17’లో డమియాన్ కూడా వయసులో పెద్దవాడైన ఒకాయన్ని వెతుక్కుంటూ వెళ్తాడు, కాకపోతే ఇంటర్నెట్‌లో పరిచయమైన మనిషి దగ్గరికి. కారు నడిపి అక్కడికి తీసుకెళ్లేది తొమానే! చట్టం ఏనాడో అడ్డు తొలగింది. మరి తొమా చెయ్యి ఎందుకు లేస్తుంది? అతను కొండ మీద పొలం ఇంట్లో పెరుగుతున్న దత్తపుత్రుడు. పెంచిన తల్లి ఇన్నాళ్లకి గర్భవతి అయింది. సొంత బిడ్డ పుడితే ఆ ఇంట్లో తన చోటు ఏమవుతుందోనన్న టెన్షన్ అతన్ని తినేస్తూ ఉంటుంది. ఆ కోపమంతా డమియాన్ మీద చూపిస్తాడు. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: తొమా దెబ్బల వెనక ఉన్నది ద్వేషం ఒక్కటే అని తెషినే సరిపెట్టుకోలేదు.

రెండు సినిమాల్లోనూ యుద్ధం ఇంట్లోకి వస్తుంది. 1962 కథలో ఫ్రాన్సువా తోటి విద్యార్థి అన్న, ఫ్రాన్స్ తన వలస అల్జీరియాలో చేసిన యుద్ధంలో చనిపోతాడు, ఇందులో సైనిక హెలికాప్టర్ పైలట్ అయిన డమియాన్ తండ్రి. ఫ్రాన్సువాకి దారి చెప్పే పెద్దలెవరూ దొరకలేదు. డమియాన్‌కి మాత్రం తల్లి మరియాన్ ఉంది. డాక్టర్ అయిన ఆవిడే, కొడుకుని కొట్టే అబ్బాయిని వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెచ్చి తన ఇంట్లో పెట్టుకుంటుంది.