పాస్ తీసేముందు: వరంగల్ విద్యార్థుల బస్సు రాయితీ వెనుక కథ

ఏటా జూన్‌లో కాలేజీలు తెరవగానే హనుమకొండ బస్టాండ్‌లో పాస్ కౌంటర్ ముందు వరుస కడతారు. ఆ వరుసలో ఇప్పుడు కనబడేది ఎక్కువగా అబ్బాయిలే. కొన్నేళ్ల కిందట అలా ఉండేది కాదు. ఏ పాస్ తీసుకోవాలి, అసలు పాస్ అవసరమా అన్న ప్రశ్నకు జవాబు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఎందుకు మారిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇక్కడ బస్సు మొదటినుంచీ సర్కారుదే. 1932 జూన్ 15న నిజాం రైల్వేకు అనుబంధంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైంది. 1951 నవంబర్ 1న అది రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక 2016లో టీఎస్ఆర్టీసీ వచ్చింది, 2024లో దాని పేరు టీజీఎస్ఆర్టీసీగా మారింది. పేర్లు మారినా ఒక పద్ధతి మాత్రం మారలేదు. రాయితీ ప్రకటించేది ప్రభుత్వం, బస్సు నడిపేది ఆర్టీసీ, అసలు చార్జీకీ రాయితీ ధరకూ ఉన్న తేడా డబ్బు ప్రభుత్వం తిరిగి ఇవ్వాలి. అది సకాలంలో రాకపోతే భారం సంస్థ మీద పడుతుంది. విద్యార్థి పాసుల చరిత్రలో ప్రతి మలుపు వెనుకా ఈ లెక్క ఉంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలోనే రాయితీ రెండు మెట్లుగా స్థిరపడింది. మొదటిది ఉచిత పాస్: అబ్బాయిలకు 12 ఏళ్లు లేదా ఏడో తరగతి దాకా, అమ్మాయిలకు 18 ఏళ్లు లేదా పదో తరగతి దాకా, ఇంటి నుంచి బడికి 20 కిలోమీటర్ల లోపు. రెండోది, ఆపై చదువులకు డబ్బు కట్టి తీసుకునే రాయితీ పాస్. ఈ రెండో మెట్టులో హైదరాబాద్‌ది ఒక దారి, జిల్లాలది మరో దారి. నగరంలో రూట్ పాసులతో పాటు ఊరంతా తిరిగే జనరల్ పాస్ కూడా ఉంది. జిల్లాల్లో మాత్రం విద్యార్థికి దక్కేది రూట్ పాసే. ఇంటి స్టేజీ నుంచి కాలేజీ స్టేజీ దాకా ఎన్ని కిలోమీటర్లో చూసి 5, 10, 15, 20, 25, 30, 35 అని శ్లాబులు కట్టారు. 35 దాటితే పాస్ లేదు.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసి ఒకటే పట్టణంలా కనబడ్డా, పాస్ లెక్కలో అవి స్టేజీలే. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దాకా తీసుకున్న పాస్‌తో పోచమ్మమైదాన్ వెళ్తామంటే కుదరదు. పాస్ ఆగిన స్టేజీ నుంచి టికెట్ కొనాల్సిందే. అందుకే దరఖాస్తులో "హనుమకొండ" అని ఊరికే రాయకుండా, కాలేజీకి నిజంగా దగ్గర్లో ఉన్న స్టేజీ పేరు చూసి పెట్టాలి. ఎర్రగట్టుగుట్ట దగ్గర కిట్స్‌లో చదివే కుర్రాడు బస్టాండ్ దాకా పాస్ తీసుకుంటే, మిగతా దారికి రోజూ రెండు టికెట్లు కొనుక్కోవాలి. దూరం లెక్క ఆర్టీసీ స్టేజీలదే, ఫోన్ మ్యాప్‌ది కాదు. మ్యాప్‌లో నాలుగున్నర కిలోమీటర్లు చూపించిన దారి కౌంటర్‌లో పది శ్లాబులో పడితే వాదించినా లాభం ఉండదు.

ధరల కథ 2019 నుంచి వేడెక్కింది. ఆ ఏడాది అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ కార్మికుల సమ్మె ముగియగానే, డిసెంబర్ 3 నుంచి కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెరిగాయి. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు వచ్చింది: పల్లెవెలుగులో టికెట్‌కు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5. జూన్‌లో దూరాన్ని బట్టి ఆ సెస్సు మళ్లీ పెరిగింది, దాంతోపాటే విద్యార్థి పాసులు కూడా పెరిగాయి. హైదరాబాద్‌లో 4 కిలోమీటర్ల పాస్ 165 నుంచి 450కి, 22 కిలోమీటర్ల పాస్ 330 నుంచి 1350కి వెళ్లాయి. టికెట్ మీద పెరిగింది కొన్ని రూపాయలైతే, పాస్ మీద పెరిగింది మూడు నాలుగు రెట్లు. చార్జీ పెరిగినంత మేరకే పాస్ పెంచి ఉంటే ఎవరూ ఇంతగా అనేవారు కాదు. అన్నేళ్లుగా ముట్టుకోని రేటును ఒక్క దెబ్బతో సరిచేయాలనుకోవడం తప్పు, ఆ భారం పడింది చదువుకునే పిల్లల మీద. 2025 జూన్‌లో పాసుల ధరలు మరోసారి పెంచారు.

ఈ మధ్యలోనే అసలు మలుపు వచ్చింది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణ మహిళలకు, అమ్మాయిలకు, ట్రాన్స్‌జెండర్లకు జిల్లాల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. ఇందులో దూరం లెక్క లేదు, 35 కిలోమీటర్ల గీత లేదు, నెల నెలా రెన్యువల్ లేదు. ములుగు నుంచి హనుమకొండకు రోజూ వచ్చే అమ్మాయికి పాత పాస్ పనికొచ్చేదే కాదు, ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌లో కూడా డబ్బు కట్టక్కర్లేదు. అమ్మాయిల చదువుకు ఇటీవలి కాలంలో జరిగిన పెద్ద మేలు ఇది.

అయితే చిక్కులన్నీ కార్డు దగ్గరే వస్తాయి. చూపించాల్సింది ఫొటో, తెలంగాణ చిరునామా రెండూ ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు. ఫోన్‌లో ఫొటో, కలర్ జిరాక్స్ ఒప్పుకోరు. పాన్ కార్డు చెల్లదు, దాని మీద చిరునామా ఉండదు గనుక. ఆధార్‌లో ఇంకా "ఆంధ్రప్రదేశ్" అనే ఉంటే ముందు దాన్ని మార్పించుకోవాలి. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ తప్పక తీసుకోవాలి. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు ఇచ్చేది ఆ టికెట్ల లెక్క మీదే, అది లేకుండా తనిఖీలో దొరికితే 500 జరిమానా. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఈ పథకం వర్తించదు, తొందరలో ఎక్కేముందు బోర్డు చూసుకోవాలి.

ఇక్కడే వరంగల్‌కు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. నిట్‌లోనూ ఇతర కాలేజీల్లోనూ పక్క రాష్ట్రాల అమ్మాయిలు చదువుతున్నారు. వాళ్ల ఆధార్ మీద తెలంగాణ చిరునామా ఉండదు కాబట్టి జీరో టికెట్ రాదు. వాళ్లకు అబ్బాయిల లాగే రూట్ పాసే దిక్కు. "అమ్మాయిలకు ఫ్రీ కదా" అనుకుని పాస్ తీయకుండా నెలంతా టికెట్లు కొనుక్కునేవాళ్లు ముందే ఇది తెలుసుకోవాలి.

పాస్ తీసే పని ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లోనే. ఆర్టీసీ పాసుల సైట్‌లో పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ, ఆధార్, కాలేజీ, అడ్మిషన్ నంబరు, ఎక్కే స్టేజీ, దిగే స్టేజీ నింపి ఫొటో పెట్టాలి. దరఖాస్తు కాలేజీ లాగిన్‌కు వెళ్తుంది, వాళ్లు ఆమోదించాకే కౌంటర్‌లో డబ్బు కట్టించుకుని కార్డు ఇస్తారు. ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. కాలేజీ ఆర్టీసీ దగ్గర ఆ ఏడాదికి నమోదు చేసుకోకపోతే జాబితాలో పేరే రాదు, నమోదు చేసుకున్నా ఆమోదించాల్సిన క్లర్కు వారం చూడకపోతే దరఖాస్తు అలాగే ఉంటుంది. కాబట్టి సబ్మిట్ చేసిన రోజే ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు నంబరు ఇచ్చి రావడం మేలు. ఇంకో మాట: 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో వాటిలో రెండు ముక్కల పేర్లు హనుమకొండ, వరంగల్‌గా మారాయి. కాలేజీ పేరు ఒక జిల్లా కింద దొరకకపోతే రెండోదాని కింద కూడా వెతకాలి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉన్నవాళ్లు ముందు ఆధార్ సరిచేయించుకుంటే తర్వాతి ఏళ్లలో కూడా ఇబ్బంది ఉండదు.

పాస్ తీస్తే లాభమా అన్నది చిన్న లెక్కే. పల్లెవెలుగులో కనీస టికెట్ 10 రూపాయలు, రానూపోనూ 20. నెలలో 24 రోజులు కాలేజీ ఉంటే 480. దూరం పెరిగేకొద్దీ ఈ మొత్తం ఇంకా పెరుగుతుంది, పాస్ తప్పక కలిసొస్తుంది. కానీ ప్రయాణించినా మానినా పాస్ రోజులు కరిగిపోతూనే ఉంటాయి. బతుకమ్మ, దసరా సెలవులు, సంక్రాంతి, పరీక్షల ముందు ప్రిపరేషన్ సెలవులు పడే నెలలో గడువు ముగిసిన మర్నాడే రెన్యువల్ చేయించకుండా, కాలేజీ తెరిచే రోజుకు చేయించుకోవాలి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు బస్సులన్నీ అటు మళ్లుతాయి, ఆ రోజుల్లో లోకల్ సర్వీసులు పలచబడతాయి. జాతర నెలలో పాస్ తేదీలు చూసి తీయాలి.

మరో పాస్‌తో కూడా పోల్చి చూడాలి. 2023 జులైలో కరీంనగర్, నిజామాబాద్, మహబూబ్‌నగర్, నల్గొండ, ఆదిలాబాద్‌లలో పల్లెవెలుగు టౌన్ పాస్ మొదలుపెట్టారు, 10 కిలోమీటర్ల పరిధికి 800, 5 కిలోమీటర్లకు 500గా. వరంగల్‌లో అప్పటికే అలాంటి జనరల్ బస్ టికెట్ ఉంది. ఇవి అందరికీ ఇచ్చేవి, విద్యార్థి రాయితీ కాదు. ఉదయం కాలేజీ, సాయంత్రం మరో మూల కోచింగ్, రాత్రి ఇంకోచోట రూము అన్నట్టుగా తిరిగేవాళ్లకు రూట్ పాస్ కంటే ఇవే కలిసి రావచ్చు. ఒకే దారిలో వెళ్లివచ్చేవాళ్లకు అవసరం లేదు.

రైలు దారి ఉన్నవాళ్లు సీజన్ టికెట్ సంగతి మరచిపోకూడదు. జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్ వైపు నుంచి, అటు జమ్మికుంట నుంచి, ఇటు నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్ నుంచి కాజీపేటకో వరంగల్‌కో వచ్చేవాళ్లకు 35 కిలోమీటర్ల గీత అడ్డం రాదు. రైల్వే సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తుంది, విద్యార్థులకు మామూలు ధరలో సగమే. ఇంటి నుంచి విద్యాసంస్థకు వెళ్లే అబ్బాయిలకు ఇంటర్ దాకా, అమ్మాయిలకు డిగ్రీ దాకా సెకండ్ క్లాస్ నెల సీజన్ టికెట్ ఉచితం. 2020లో చాలా రాయితీలు ఎత్తేసినా విద్యార్థులవి ఉంచారు. ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న సర్టిఫికెట్‌తో స్టేషన్ కౌంటర్‌కు వెళ్లాలి. మూడు నెలలకు ఒకేసారి తీస్తే నెల ధరకు 2.7 రెట్లే పడుతుంది. రిజర్వేషన్ బోగీలు ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ రైలుకు అదనపు చార్జీ కట్టాలి. కాజీపేటలో దిగాక కాలేజీ దాకా బస్సు కావాలి కాబట్టి ఆ చిన్న దూరానికి ఆర్టీసీ పాస్ ఇస్తారేమో దరఖాస్తుకు ముందే కౌంటర్‌లో అడగాలి.

రైలు లేని వైపే ఇబ్బంది మిగిలింది. పరకాల 35 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, అక్కడి కుర్రాళ్లకు ఏ స్టేజీ పెడతారన్న దాని మీద పాస్ ఆధారపడుతుంది. నర్సంపేట నలభైకి దగ్గర. ములుగు యాభై. భూపాలపల్లి ఇంకా దూరం. ఈ ఊళ్ల నుంచి రోజూ వచ్చే అబ్బాయికి మహాలక్ష్మి వర్తించదు, రూట్ పాస్ రాదు, పట్టాలూ లేవు. పూర్తి టికెట్ కొనాలి, లేదంటే హనుమకొండలో రూము తీసుకోవాలి. రూము అద్దె, మెస్ ఖర్చు కలిపితే బస్సు చార్జీని మించిపోతాయి, అవి కట్టలేక ఊళ్లోనే ఆగిపోయేవాళ్లు ఉంటారు. కనీసం రైలు లేని మండలాల విద్యార్థులకైనా ఆ గీతను 60కి జరపాలని ప్రభుత్వాన్ని అడగడం న్యాయమైన కోరిక, ఆ తేడా డబ్బు ఆర్టీసీ మీద వేయకుండా ప్రభుత్వమే కట్టాలి.