క్యాప్టెన్ని నిద్ర లేపితే ఉద్యోగం పోతుందా? ఓడ పనిలో అపోహలు, వాస్తవాలు

సేఫ్టీ కోర్సులకు వచ్చే కోనసీమ, కాకినాడ కుర్రాళ్ళు పదే పదే అడిగేది ఒకటే: "పై ఆఫీసర్ పొరపాటు చేస్తున్నాడనిపిస్తే నోరు విప్పొచ్చా? విప్పితే సైన్ ఆఫ్ చేసి ఇంటికి పంపేయరా?" పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన పిల్లలు. అప్పు చేసి చదివించిన ఇల్లు కళ్ళముందు ఉంటుంది. ఆ భయం సహజమే. కానీ ఓడల్ని ముంచుతున్నదీ ఆ మౌనమే, అందుకే ముందు దాని సంగతి.

అపోహ: బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద జూనియర్ నోరు మెదపకపోవడమే క్రమశిక్షణ.

వాస్తవం: చూసింది చెప్పడం వాచ్ (కాపలా డ్యూటీ)లో భాగం. ఎస్‌టీసీడబ్ల్యూకి (నావికుల శిక్షణ, అర్హతల అంతర్జాతీయ ఒప్పందం) 2010లో చేసిన మనీలా సవరణలు 2012 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. అవసరమైనప్పుడు గట్టిగా చెప్పగలగడం, టీమ్‌గా పనిచేయడం అప్పటినుంచి ఆఫీసర్‌కు ఉండి తీరాల్సిన అర్హతలు.

కాకినాడ బయట బియ్యం కోసం లంగరేసిన 190 మీటర్ల ఓడ ఉందనుకోండి. నీళ్ళలో ఆరు షాకిళ్ళ (ఒక్కోటి 27.5 మీటర్లు) గొలుసు, అంటే 165 మీటర్లు. ముక్కు నుంచి బ్రిడ్జికి మరో 160. మొత్తం 325 మీటర్లు, దాదాపు 0.18 నాటికల్ మైలు. లంగరు చుట్టూ ఓడ తిరిగే వలయం, అంటే స్వింగింగ్ సర్కిల్, వ్యాసార్ధం ఇదే. దాని కేంద్రం లంగరు పడిన చోటు కావాలి. చాలామంది గొలుసు బిగుసుకున్నాక ఓడ నిలిచిన చోటు చుట్టూ సర్కిల్ గీస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది.

అర్ధరాత్రి ఈశాన్యపు గాలి లేచింది. పక్కన బార్జి కట్టి ఉంటే గాలి భారం ఇంకా ఎక్కువ. ఓడ గాలికి ముక్కు పెట్టకుండా అడ్డం తిరుగుతోంది, గొలుసు బిగుస్తూ వదులవుతూ అదురుతోంది, జీపీఎస్‌లో ఓడ స్థానం సర్కిల్ దాటింది. లంగరు జారుతోందనడానికి ఇవే గుర్తులు. వాచ్‌లో ఉన్న జూనియర్ ఆఫీసర్, థర్డ్ మేట్, "ఇంకొక్క పొజిషన్ చూసి పిలుద్దాం" అనుకుని పది నిమిషాలు ఆగాడు. ఒక్క నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో జారినా నిమిషానికి 31 మీటర్లు, అంటే ఆ పదింటిలో 310 మీటర్లు పోయాయి. ఇంజన్ సిద్ధం కావడానికి మరో పావుగంట పట్టొచ్చు.

పిలిచి ఇలా చెప్పాలి: "క్యాప్టెన్ సార్, థర్డ్ మేట్‌ని. లంగరు జారుతోంది. సర్కిల్ దాటి 100 మీటర్లు వచ్చాం. గాలి 30 నాట్లు. వెనక 0.6 మైలులో ఇంకో ఓడ. ఇంజన్‌రూమ్‌కి స్టాండ్‌బై చెప్పాను. బ్రిడ్జికి రండి." అంకెలుంటే ఆయన వాదనకు దిగరు, లేచి వస్తారు. "కొంచెం గాలిగా ఉంది సార్" అంటే మళ్ళీ పడుకుంటారు.

2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ రాళ్ళకు కొట్టుకుని 32 మంది పోయారు. తిప్పడం ఆలస్యమవుతోందని బ్రిడ్జి మీద ఎవరూ క్యాప్టెన్ని గట్టిగా హెచ్చరించలేదని దర్యాప్తు నివేదికలో ఉంది.

సీనియర్లకూ ఒక మాట. అనవసరంగా లేపాడని కుర్రాణ్ణి ఒక్కసారి కసురుకుంటే, అవసరమైన రాత్రి అతను పిలవడు. లేపినప్పుడు ముందు "మంచి పని చేశావు" అనండి, తర్వాత రాడార్ చూడండి.

ఉద్యోగం సంగతికొస్తే, ఫిర్యాదు చేసిన సీమన్‌ని వేధించకూడదని ఎంఎల్‌సీ 2006 (నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) చెబుతోంది. ఒడ్డున డీపీఏ (భద్రత విషయాలు నేరుగా చెప్పుకోవడానికి కంపెనీ పెట్టిన మనిషి) ఉంటారు, ఆయన నంబరు ఓడలో అతికించి ఉంటుంది. జాయినైన రోజే రాసుకోండి.

అపోహ: టీమ్‌వర్క్ అంటే అందరూ కలిసిమెలిసి ఉండటం. వాస్తవం: పడనివాళ్ళైనా ఆర్డర్ తిరిగి చెప్పుకుంటే చాలు. "పోర్ట్ టెన్" (చుక్కాని ఎడమకు పది డిగ్రీలు) అని ఆర్డరిస్తే చుక్కాని పట్టినవాడు ఆ మాటే తిరిగి చెప్పాలి, చుక్కాని అక్కడికి చేరాక మళ్ళీ చెప్పాలి, ఆర్డరిచ్చినవాడు ఇండికేటర్ చూడాలి.

అపోహ: ఇరవై ఏళ్ళ అనుభవముంటే డ్రిల్ ఎందుకు? వాస్తవం: లైఫ్‌బోట్ హుక్ ఎలా విడుస్తారో ఓడ ఓడకూ మారుతుంది. అందుకే నెలనెలా డ్రిల్లు, పాతికశాతానికి మించి సిబ్బంది మారితే రేవు వదిలిన 24 గంటల్లోపు డ్రిల్లు.

అపోహ: ట్యాంకులో పడిపోయినవాడి కోసం వెంటనే దిగడమే స్నేహం. వాస్తవం: మన ఊళ్ళలో నూతిలో దిగినవాణ్ణి తీయబోయి ఇంకొకడు పోయినట్టే ఇదీ. తుప్పు ఆక్సిజన్‌ని తినేస్తుంది, బియ్యం హోల్డ్‌లో ఫ్యుమిగేషన్ (పురుగులు చంపే పొగ) తాలూకు ఫాస్ఫీన్ అనే విషవాయువు ఉండొచ్చు. పైన, మధ్యన, అడుగున గాలి కొలవకుండా, ఆక్సిజన్ 20.9 శాతం చూడకుండా, ద్వారం దగ్గర మనిషి లేకుండా ఎవరూ దిగకూడదు. పడిపోయినవాణ్ణి చూడగానే అలారం కొట్టాలి, ఆ కాపలా మనిషి లోపలికి పోకూడదు. బ్రీతింగ్ సెట్‌తో వచ్చే టీమే దిగుతుంది. దగ్గరుంది కదా అని ఈఈబీడీ (అత్యవసరంగా తప్పించుకునే చిన్న శ్వాస పరికరం) తగిలించుకుని దిగకండి, అది బయటపడటానికి ఇచ్చింది.