పొలాక్ కోటా వెనుక ఓ నూనె సంచి

అలాస్కా పక్కనున్న తూర్పు బేరింగ్ సముద్రంలో పొలాక్ చేపను ఎన్ని టన్నులు పట్టవచ్చో ఏటా డిసెంబరులో లెక్క తేలుస్తారు. 2006లో ఆ కోటా దాదాపు 14.85 లక్షల టన్నులు. 2010కల్లా 8.13 లక్షలకు పడిపోయింది. 2001-05 మధ్య వెచ్చటి ఏళ్లలో పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం ఎదిగిరాలేదు. కారణం తెలియాలంటే పొలాక్ పిల్లలు తినే, బియ్యపు గింజంత కూడా లేని కలానస్ అనే కోపెపాడ్‌ను చూడాలి. కోపెపాడ్ అంటే నీటిలో తేలాడే, రొయ్యలకు దూరపు చుట్టమైన చిట్టి జీవి.

మైక్రోస్కోప్ కింద దాని ఒళ్లు గాజులా ఉంటుంది. లోపల పొడవునా నూనె సంచి. చలికాలం చివర మంచు అడుగున పెరిగే నాచు తిని అది ఎదుగుతుంది. మంచు నిలిచిన ఏడాది ఇలాంటి పెద్ద కోపెపాడ్లు, చిన్న రొయ్యల్లాంటి క్రిల్ దండిగా దొరుకుతాయి. వెచ్చటి ఏడాది కొవ్వు తక్కువున్న చిన్న రకాలదే రాజ్యం. వాటిని తిన్న పొలాక్ పిల్ల ఆగస్టులో బాగానే కనిపిస్తుంది, చలికాలం మాత్రం దాటలేదు. పైగా పెద్ద పొలాక్‌లు సొంత పిల్లల్నే మింగుతాయి.

2002లో శాస్త్రవేత్త జార్జ్ హంట్ బృందం వెచ్చదనం పొలాక్‌కు మేలన్నది. వేసవి వలల్లో పిల్లలు విరివిగా పడటంతో అందరూ నమ్మారు. 2011లో ఆ బృందమే తన సిద్ధాంతాన్ని సరిదిద్దుకుంది. ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన పని అదేనని మా అభిప్రాయం.

అసలు చిక్కు జాప్యం. బోంగో వలలు అనే జంట వలలతో పట్టిన ఈ చిట్టి జీవుల నమూనాలు, చెడకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవంలో పోలండ్‌లోని ష్చెచిన్ కేంద్రానికి వెళ్లేవి. లెక్కలు తిరిగొచ్చేసరికి ఏడాది దాటేది, అప్పటికే పిల్లల గతి తేలిపోయేది. అందుకే ఇప్పుడు ఓడ మీదే కనీసం 100 జీవులను లెక్కించి, 2 మిల్లీమీటర్లకు లోపువి, మించినవి, క్రిల్ అని వేరుచేస్తున్నారు. పూర్తి లెక్క తర్వాత వస్తుంది.

వల కన్ను 153 మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్నవి దొరుకుతాయి. 505 అయితే జారిపోతాయి. కన్ను మరీ సన్నమైతే నాచు పట్టి వల నీటిని పక్కకు నెట్టేస్తుంది. వలలోకి ఎంత నీరు వెళ్లిందో కొలిచే, మూతి దగ్గరి ఫ్లోమీటర్ చూడకుండా ఘనపు మీటరుకు ఎన్ని అని చెబితే ఆ అంకె తప్పు. ఫార్మలిన్‌లో బోరాక్స్ కలపకపోతే ఆమ్లానికి సముద్రపు నత్తల పెంకులు కరిగిపోతాయి.

మధ్య ఆర్కిటిక్‌లో ఇంత సమాచారం కూడా లేదు. 2018లో గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్‌లో కుదిరి, 2021 జూన్ 25న అమల్లోకి వచ్చిన ఒప్పందం అక్కడ 16 ఏళ్లపాటు వాణిజ్య చేపల వేటను ఆపింది, ఉమ్మడి పరిశోధన జరపమంది. కానీ ఓడలు ఎక్కువగా వెళ్లేది వేసవిలో. కలానస్ నాచు మేసేది వసంతంలో, మంచు కింద.