కారంచేడు తర్వాత ‘రాజీ’ అన్న మాట

పెద్దమనుషులు కూర్చుని తప్పు కట్టించడం, గొడవ పోలీస్ స్టేషన్ దాకా పోకుండా చూడటం ప్రకాశం జిల్లా ఊళ్ళలో ఎవరికీ కొత్త కాదు. అందుకే, నేరం చేసినవాణ్ణి జైల్లో పెట్టడం కన్నా జరిగిన నష్టాన్ని వాడిచేతే పూడ్పించాలనే ‘పునరుద్ధరణ న్యాయం’ గురించి వినగానే, మన రచ్చబండే కదా అంటారు. నేను ఒప్పుకోను.

ఆ ఆలోచనకు మొదలుగా చెప్పేది 1974లో కెనడాలోని ఎల్మైరాలో జరిగిన సంగతి. ఇద్దరు కుర్రాళ్ళు 22 చోట్ల ఆస్తులు పాడుచేశారు. ప్రొబేషన్ అధికారి వాళ్ళను ఒక్కొక్క గుమ్మానికీ తీసుకెళ్ళాడు. తప్పు ఒప్పుకున్నారు, తర్వాత నష్టం కట్టారు. నష్టపోయినవాళ్ళు వాళ్ళ ముఖం మీదే తలుపు వేసినా అడిగేవారు లేరు. మన పంచాయితీల్లో కూలివాడికి ఆ వీలు ఎక్కడిది?

1860 నాటి శిక్షాస్మృతితో నేరం ప్రభుత్వం నడిపే కేసు అయింది, దెబ్బ తిన్న మనిషి సాక్షిగా మిగిలాడు. చిన్న నేరాల్లో రాజీకి చట్టంలో దారి ఉంది, లోక్ అదాలత్‌లు చేసేదీ అదే. ‘బాధితులు’ అంటే ఎవరో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో రాసింది మాత్రం 2008 సవరణతోనే.

కారంచేడు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, 1985లో ప్రకాశం. మాదిగపల్లెవాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర కమ్మవాళ్ళు గేదె కుడితి బకెట్ కడుగుతుంటే, ఆ మురికి నీళ్ళలో పడుతోందని ఒక కుర్రాడు అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టబోతే, నీళ్ళకొచ్చిన ఒక ఆమె చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, కమ్మవాళ్ళు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు.

బతికినవాళ్ళు చీరాల చేరారు, అక్కడే విజయనగర్ కాలనీ వెలిసింది. ఎస్సీ, ఎస్టీల మీద దాడులను శిక్షించే 1989 అట్రాసిటీ చట్టం వెనక, ఈ హత్యల మీద లేచిన ఉద్యమం ఉంది. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది: ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు. ఇళ్ళు ముందొచ్చాయి, తీర్పుకు 23 ఏళ్ళు పట్టింది. ఇళ్ళతో సరిపెట్టుకుని కేసు వదిలేసి ఉంటే, ఆరు ప్రాణాలకు ఆ గోడలే ఖరీదయ్యేవి. తీర్పు ఒక్కటే చాలని కూర్చుంటే, అన్నేళ్ళూ తల దాచుకోను చోటు ఉండేది కాదు. వాళ్ళకు రెండూ కావాల్సొచ్చింది.

ఆ 1860 శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ కూడా శిక్షగా చేరింది. 5,000 రూపాయలకు లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి, తిరిగిచ్చేస్తే జైలు ఉండదు. పోగొట్టుకున్న మనిషిని పిలిచి, నీకేం కావాలని అడగమని మాత్రం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.